లెక్కపెట్టని ముప్ఫై ఆరు సీసాలు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ల్యాబులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆ రోజు మంగళవారం. నేను టీ కప్పు కింద పెట్టి గడియారం వైపు చూశాను. తర్వాత మళ్ళీ టీ తాగాను.

ఆ ఒక్క మోతకు మా దగ్గర ఒక అర్థం ఉండేది. పుంగ్గోల్ జెట్టీ దగ్గర ఒక కాయిన్ ఫోన్ ఉండేది. మా పడవ నడిపే ఆయన అక్కడి నుంచి ల్యాబుకు రింగ్ ఇచ్చి, ఎవరూ ఎత్తకముందే పెట్టేసేవాడు. కాయిన్ తిరిగి ఆయన జేబులోకే వెళ్ళేది. పడవ బయలుదేరిందని దానర్థం. పదకొండున్నర దాటినా మనిషి రాకపోతే వెతకమని కూడా అర్థం. వెతకాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అయితే ఆ మంగళవారం పడవ బయలుదేరడానికి వీల్లేదు. సుమత్రాలో అడవులు తగలబడి ఆ పొగ సింగపూర్ మీద పరుచుకుని ఉంది. చోవా చూ కాంగ్‌లో మా ఇంటి కిటికీలోంచి ఎదుటి బ్లాకు కనిపించడం లేదు. చిన్న పడవలు వెళ్ళకూడదని మా హెడ్ నోటీసు అంటించింది. "నో ట్రిప్ లా. పొగ పోయాక చూద్దాం" అని ఆ ఊరి అలవాటున మాట చివర "లా" తగిలించి స్వయంగా వచ్చి చెప్పింది కూడా.

ఫోన్ మోగడం నేను విన్నాను. రాంగ్ నంబర్ అనుకున్నాను. అలా అనుకోవడం సులువు.

ఇలాంటి పనుల్లోకి ఇప్పుడు వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు సీసాలు ఉండవు, కాయిన్ ఫోన్లు ఉండవు. ఖాళీ గడులు మాత్రం ఉంటాయి.

నా పని సముద్రపు నీటిలోని ప్లాంక్టన్‌ను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం. కంటికి కనపడనంత చిన్న మొక్కలు అవి. నీళ్ళలో అయోడిన్ చుక్కలు వేస్తే చెడిపోకుండా టీ రంగులోకి మారతాయి. ఒక రోజంతా కదపకుండా ఉంచితే ఆ మొక్కలు అడుగున పేరుకుంటాయి. ఒక్కొక్కటీ చూసి చేతిలోని మీట నొక్కుతూ లెక్క పెట్టాలి. ఒక సీసాకు ఒక పూట పడుతుంది. పొగ వచ్చేనాటికి, నేను చేరకముందు అయిదేళ్ళు, చేరాక ఏడేళ్ళు, జొహోర్ జలసంధిలో అవే మూడు చోట్ల ప్రతి మంగళవారం ఈ లెక్క సాగింది.

ఎందుకు అని మావాళ్ళు అడిగేవారు. ఒక్క మాటలో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నదుల నుంచి వచ్చే మంచినీళ్ళు తేలిక, అవి పైన పరుచుకుంటాయి. ఉప్పునీళ్ళు కింద ఉంటాయి, మొక్కలకు కావలసిన ఎరువు వాటిలో ఉంటుంది. గాలీ ఆటూపోటూ ఆ రెంటినీ కలిపితే ఎరువు పైకొస్తుంది, మొక్కలు పెరుగుతాయి, గాలిలోంచి నీళ్ళలో కరిగిన బొగ్గుపులుసు వాయువును తింటాయి. చచ్చి మునిగినప్పుడు అందులో కొంత తమతో అడుక్కి తీసుకుపోతాయి. వానలు తప్పిన ఏడాది, గాలి దారి మారిన ఏడాది ఈ కలయిక ఎలా మారుతుంది? సముద్రం అప్పుడు ఎక్కువ తింటుందా, తక్కువ తింటుందా? ఒక్క ఏడాది చూసి చెప్పలేం. ఏళ్ళ తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో, మానకుండా చూడాలి. మా పని మానకుండా చూడడం.

మానకపోవడం పడవ నడిపే ఆయన వల్లే సాధ్యమైంది. ఆయన తాతగారు విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. ఈయన పుట్టింది జొహోర్‌లో. తెలుగు చదవడం రాదు. మొదటి రోజు నన్ను చూసి, "ఏటి చెల్లెమ్మా, మాకాన్ అయిందా?" అన్నాడు. భోజనం అయిందా అని ఆ మలయ్ మాటతో ఆ ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా అడుగుతారు. దాని ముందున్న "ఏటి" వినడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. మాది భీమిలి. మా అమ్మమ్మ పోయాక ఆ మాటను ఆ యాసలో నేను వినలేదు.

మాకొక నోటుపుస్తకం ఉండేది. తడి చేతులకు ఇంకు చెరుగుతుంది కనుక పెన్సిల్‌తోనే రాసేవాళ్ళం. నీళ్ళు రాని వారం పేజీకి అడ్డంగా ఒక గీత గీసి, కింద ఇద్దరం సంతకం పెట్టేవాళ్ళం. లెక్కపెట్టే మనిషి, నీళ్ళు తెచ్చే మనిషి. పన్నెండేళ్ళ పుస్తకాల్లో అలాంటి గీతలు నాలుగే ఉన్నాయి. ఆ నాలుగింటికీ ఆయన సిగ్గుపడేవాడు.

"మీ అమ్మాయి పెళ్ళి మంగళవారం వచ్చుంటే ఏం చేసేవాడివి అన్నా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"మంగళారం ముహూర్తాలుండవు కదా చెల్లెమ్మా. దేవుడు మన లెక్క చూసే పెట్టాడు" అన్నాడు.

పొగ వచ్చిన ఏడాదే మా ల్యాబుకు కొత్త ప్రోగ్రాము వచ్చింది. అందరి నోటా కంప్యూటర్ మాటే వినిపించే కాలం. మావారు ఒక బ్యాంకులో ప్రోగ్రాములు రాసేవారు. "ఇంకెన్నాళ్ళు ఆ నాచు లెక్కపెడతావు? ఆరు నెలలు జావా నేర్చుకో. మా ఆఫీసుకి వారానికి ఇద్దరు దిగుతున్నారు హైదరాబాదు నుంచి. వాళ్ళకంటే నీకేం తక్కువ?" అనేవారు. ఆయన తప్పు చెప్పలేదు. మా హెడ్ కూడా అలాగే ఆలోచించింది. నోటుపుస్తకం ఆ నెలతో ఆపేశాం. అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకు అప్పగించింది. నేను సంతోషంగానే ఒప్పుకున్నాను. మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసేది. కుర్చీలో నిటారుగా కూర్చుని చేసే పని దొరికిందనుకున్నాను.

నెలాఖరుకు అంకెలు పై ఆఫీసుకు పంపాలి. పొగ వారాల గడులు ఖాళీగా ఉన్నాయి. పంపే బటన్ నొక్కితే ఆ గడుల చుట్టూ ఎర్ర గీత వచ్చి ఆగిపోతోంది. ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేశాను.

"ఆ ఫీల్డ్ కంపల్సరీ, మ్యాడమ్. ఖాళీ కుదరదు."

"ఆ రోజు నీళ్ళు రాలేదు."

"అయితే జీరో పెట్టండి."

"జీరో అంటే సముద్రంలో ఏమీ లేదని అర్థం."

"ఓకే లా, యావరేజ్ పెట్టండి. ఎవరు చూస్తారు? చేంజ్ కావాలంటే ఫారం నింపాలి, రెండు నెలలు పడుతుంది."

సున్నా అబద్ధమని నాకు తెలుసు. సగటు కూడా అబద్ధమే, కాకపోతే మర్యాదగా కనిపిస్తుంది. గడిచిన ఏళ్ళలో అవే వారాల సగటు తీసి గడుల్లో నింపాను. తర్వాత సరిచేద్దాం అనుకున్నాను. ఎక్కడా గుర్తు పెట్టలేదు. ప్రోగ్రాములో గుర్తు పెట్టే చోటు లేదు. పుస్తకం మూసేశాం కనుక గీత గీసే పేజీ కూడా లేదు. అలా రెండు నెలలు పంపాను. ఆ ఆరు మంగళవారాలూ ఏడూ పదికి ఫోన్ మోగింది. మూడో వారం నుంచి రాంగ్ నంబర్ అని నాకు నేను చెప్పుకోవడం కూడా మానేశాను.

వాన పడి ఆకాశం కనిపించిన వారం ఆయన ఒక ప్లాస్టిక్ డబ్బా మోసుకొచ్చి నా బల్ల కింద పెట్టాడు. మూత తీశాడు. టీ రంగు సీసాలు.

"ఆరు మంగళారాలు. మూడు చోట్లు. పై నీళ్ళు, కింద నీళ్ళు. ముప్ఫై ఆరు. లెక్కెట్టుకో" అన్నాడు.

"వెళ్ళొద్దన్నారు కదా అన్నా!"

"ఆపీసు పడవ తియ్యొద్దన్నారు. నాను తియ్యలేదు. మా మలయ్ నేస్తం సాంపాన్ పడవ తీసుకెళ్ళాను. మొహానికి తడిగుడ్డ కట్టుకున్నాను." దగ్గాడు. "ఏటి, పోను వినబళ్ళేదా?"

"వినబడింది."

"మరి?"

నేను వంగి ఒక సీసా ఎత్తి వెలుగులో చూశాను. ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఆపీసు పెద్దమ్మగారికి చెప్పకు, నా ఉద్యోగం ఊడుద్ది. లెక్కెట్టీ. ఇలాటి ఏడు మళ్ళీ రాదు చెల్లెమ్మా. ఈ ఏడే చూడాల."

వానలు తప్పించే ఎల్ నినో అన్న మాట ఆయన పేపర్లో చదివి ఉండడు. కానీ ఆ మాట గురించి తెలిసిన మా అందరికంటే ముందు ఆయనకు అర్థమైంది. నదులు ఎండిపోయిన ఏడు, పొగ సూర్యుణ్ణి కప్పిన ఏడు, బూడిద నీళ్ళ మీద రాలిన ఏడు. ఎండ తగ్గితే మొక్కలు తగ్గాలి. బూడిదలో ఎరువు ఉంటే పెరగాలి. పైన మంచినీటి పొర పలచబడితే కింది నీళ్ళు సులువుగా కలవాలి. ఈ మూడింటిలో ఏది గెలిచిందో ఆ ముప్ఫై ఆరు సీసాల్లో ఉంది. ప్రతి సీసాకూ తెల్లటి టేపు అంటించి తేదీ, చోటు, లోతు రాశాడు. పై నీళ్ళ సీసాల టేపు మీద ఇంకో అంకె కూడా ఉంది. తాడుకు కట్టిన తెల్ల పళ్ళెం నీళ్ళలోకి దించితే ఎంత లోతు వరకు కనిపించిందో ఆ అంకె. మొక్కలు తగ్గితే నీళ్ళు తేటపడి ఆ లోతు పెరుగుతుంది.

డబ్బాను స్టోరు బీరువాలో పెట్టాను. లెక్కపెడితే పద్దెనిమిది రోజుల పని. పని కష్టమని నేను ఆగలేదు. లెక్కపెడితే నేను పంపిన అంకెలు మార్చాలి, మార్చాలంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి.

ప్రతి మంగళవారం ఆయన సీసాలు దించుతూ అడిగేవాడు. "లెక్క సుడా?" సుడా అంటే మలయ్‌లో అయిపోయిందా అని.

"అవుతోంది అన్నా."

నెలలు గడిచాయి. అయోడిన్ వెలిసిపోతుంది, వెలిసిపోతే లోపలి మొక్కలు కుళ్ళిపోతాయి. అందుకని రెండు నెలలకొకసారి బీరువా తీసి ఒక్కో సీసాలో చుక్కలు వేసి మూసేదాన్ని. దానికి మాత్రం నాకు తీరిక దొరికేది. టేపు మీది అంకెలు ఒక కాగితం మీదకు ఎక్కించడానికి పది నిమిషాలు పట్టేది. అది తోచలేదు.

మరుసటి ఏడాది ల్యాబును వేరే భవనంలోకి మార్చారు. పాత రసాయనాలన్నీ పారబోయించడానికి తువాస్‌లో ఒక కంపెనీకి పంపాలి. ఒక జాబితా నా బల్ల మీదకు వచ్చింది. ఏడు పేజీలు. చివరి పేజీలో సంతకం పెట్టాను. నాలుగో పేజీలో "అయోడిన్ కలిపిన నీళ్ళు, నంబరు లేనివి, 36" అని ఉందని తర్వాత చూశాను.

ఆ మర్నాడు పొద్దున మా పరిశోధక విద్యార్థి నన్ను పిలిచాడు. వరంగల్ కుర్రాడు, పెళ్ళయినవాడు, మా అంకెల మీదే థీసిస్ రాస్తున్నాడు. స్క్రీన్ మీద ఒక గీత చూపించాడు.

"ఆంటీ, గిది చూడుండ్రి. అంత పెద్ద ఎల్ నినో వచ్చింది, పొగ వచ్చింది. మన ప్లాంక్టన్ జర కూడ కదల్లేదు. మా ప్రొఫెసర్ సంబరపడుతున్నడు. కానీ నాకే ఎట్లనో ఉంది. ఆరు పాయింట్లు సరిగ్గ యావరేజ్ మీదనే కూసున్నయి. సముద్రం గంత బుద్ధిమంతురాలా?"

నవ్వాడు. అప్పుడే పడవ ఆయన సీసాలతో లోపలికి వచ్చాడు.

"గీ ఆరు వారాలు మీరే కౌంట్ చేసిన్రా ఆంటీ?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు. "మరేటి? ఆ పొగలో నానే తెచ్చాను బాబూ. చెల్లెమ్మే లెక్కెట్టింది."

ఆయన ముఖంలో నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడని గర్వం ఉంది. విద్యార్థి నా వైపు చూశాడు.

"అవును" అన్నాను.

ఆ మాట అన్నాక కూడా దారి ఉందనుకున్నాను. ఈరోజే మొదలుపెడతాను, వరసగా పద్దెనిమిది రోజులు లెక్కపెడతాను, అంకెలు మారుస్తాను, అప్పుడు అంతా చెప్తాను. ఇద్దరినీ అక్కడే వదిలి స్టోరుకు వెళ్ళాను. బీరువా తలుపు తెరిచే ఉంది. అరలు తుడిచి ఉన్నాయి. లారీ ఎనిమిదిన్నరకు వచ్చి వెళ్ళిందని వాచ్‌మన్ చెప్పాడు.

ట్యాక్సీలో తువాస్ వెళ్ళాను. షిప్‌యార్డులు దాటాక ఆ కంపెనీ గేటు. సూపర్‌వైజర్ మంచివాడు. నా కార్డు చూసి లోపలికి తీసుకెళ్ళాడు. గోధుమ రంగు నీళ్ళున్న పెద్ద ట్యాంకు చూపించాడు. పక్కనే కడిగిన గాజు సీసాలు ఇనప బుట్టల్లో ఆరుతున్నాయి. టేపులు వేడినీళ్ళకు ఊడిపోయాయి.

"ఇంపార్టెంటా మ్యాడమ్?" అని అడిగాడు. "జాబితాలో మీ సంతకమే ఉంది కదా."

మర్నాడు హెడ్‌కూ, విద్యార్థికీ చెప్పాను. ఆయన సాంపాన్‌లో వెళ్ళిన సంగతి మాత్రం చెప్పలేదు. నీళ్ళు అందాయని, లెక్కపెట్టకుండా నేనే పోగొట్టానని చెప్పాను. హెడ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వా?" అంది. ఆ ఒక్క మాటే. నీళ్ళు ఎలా వచ్చాయో అడగలేదు. నాకు మెమో కూడా ఇవ్వలేదు. ప్రోగ్రాము మార్పించింది. లేని అంకె దగ్గర మైనస్ తొమ్మిదివందల తొంభై తొమ్మిది అని వేయవచ్చు. రెండు నెలలు అన్న పని నాలుగు రోజుల్లో అయింది.

విద్యార్థికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆంటీ, మీరు ఖాళీ ఇడిచిపెడితే నేను ఒక్క లైను రాసేటోణ్ణి. డేటా లేదు అని. ఐపోతుండె. గిప్పుడు అందరు ఏమడుగుతరో ఎరుకేనా? పన్నెండేండ్లల్ల ఇంకెన్ని గిట్ల నింపిన్రు అని."

"ఇంకేమీ లేవు నాయనా."

"నేను నమ్ముతా. పేపర్ చదివేటోళ్ళు ఎట్ల నమ్ముతరు?"

ఆ అధ్యాయాన్ని అతను తీసేశాడు. మరో ఏడాదికి మొత్తం థీసిస్సే వదిలి ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. ఉద్యోగాలు ఊరికే పిలుస్తున్న రోజులు, మీ వల్ల కాదు ఆంటీ అన్నాడు. ఆ మాటను నేను పూర్తిగా నమ్మలేదు. అనుమానం ఉన్న అంకెల మీద డబ్బు పెట్టడం దండగని పై ఆఫీసు తేల్చింది. మంగళవారాలు నెలకొకటయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. పడవ ఆయన రిటైరయ్యాడు.

ఆయనకు నేను చెప్పలేదు. కంప్యూటర్‌లోని అంకెలు ఆయన చూసేవాడు కాదు. ల్యాబు మారిన హడావుడిలో "మొత్తం ముప్ఫై ఆరూ సుడా?" అని మళ్ళీ ఒకసారి అడిగాడు. "సుడా అన్నా" అన్నాను. ఆ తర్వాత అడగలేదు.

కొన్నేళ్ళకు ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడ్డాడని తెలిసి వెళ్ళాను. ఆ జబ్బు పొగ వల్ల వచ్చిందని నేను అనను. జీవితమంతా సిగరెట్లు కాల్చాడు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఒకసారి చేశాను, అది చాలు. మధ్యాహ్నం, కిటికీ పక్క మంచం. ఆయన మనవరాలు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. "తాతా, ఆంటీ కేమ్ లా" అని ఆయన్ని లేపింది.

"ఏటి చెల్లెమ్మా, మాకాన్ అయిందా?" అన్నాడు.

అయిందన్నాను. కాసేపు పుంగ్గోల్ గురించి మాట్లాడాడు. జెట్టీ చుట్టూ ఫ్లాట్లు వచ్చేశాయట, కొత్తగా పెళ్ళయినవాళ్ళు కుక్కపిల్లల్ని తిప్పుతున్నారట. తర్వాత అన్నాడు.

"ఒకటి అడగడం మర్చిపోయాను. ఆ పొగ వారాల్లో ఎలాగున్నాయి? పెరిగాయా, తగ్గాయా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అంతకంటే చెడ్డ సమయమూ ఉండదు.

"తగ్గాయి అన్నా" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. "అనుకున్నాను. పళ్ళెం బాగా లోతుకి కనబడింది. నీళ్ళకి ఎప్పుడూ ఉండే ఆ ఆకుపచ్చ నేదు."

ఆ ఆరు వారాల గురించి ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం అది. కానీ నేను ముందు "తగ్గాయి" అన్నాను కదా. ఆయన చెప్పింది తన కళ్ళు చూసిందో, నా మాటకు సర్దుకున్నదో తెలుసుకునే దారి లేదు. పెరిగాయి అని ఉంటే, అవును బాగా పచ్చగా ఉన్నాయి అనేవాడేమో. ముందు ఆయన్ని అడగాల్సింది. నువ్వేం చూశావన్నా అని అడిగి, నోరు మూసుకుని వినాల్సింది. అన్నేళ్ళు ఒకే ల్యాబులో పనిచేసిన నేను, ముప్ఫై ఆరు సీసాలు పోగొట్టుకున్న నేను, ముప్ఫై ఏడోది కూడా నా చేత్తోనే పాడుచేశాను. ఆ రోజు ఇంటికి వచ్చి, ల్యాబు నుంచి తెచ్చి దాచుకున్న పాత నోటుపుస్తకం తీశాను, కానీ ఆయన మాట అందులో రాయలేదు.

పదిరోజులకు ఆయన పోయాడు. మండాయ్ శ్మశానానికి వెళ్ళాను. నేను ఎవరినని బంధువులు అడిగితే, ఆయన తెచ్చిన నీళ్ళు లెక్కపెట్టిన మనిషినని చెప్పాను. ఆ ముప్ఫై ఆరు తప్ప మిగిలినవాటికి ఆ మాట నిజమే.

ఆ తర్వాత ఒకరోజు పుస్తకంలో చివరి ఖాళీ పేజీకి అడ్డంగా గీత గీశాను. కింద నా సంతకం పెట్టాను. రెండో సంతకం చోటు అలాగే ఉంది.

ఇప్పుడు ఆ జలసంధి గురించి అడిగితే ఉపగ్రహాల నుంచి రంగుల పటాలు చూపిస్తారు. మబ్బు పట్టిన రోజున, పొగ పట్టిన రోజున వాటిలో ఆ చోటు తెల్లగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తారని విన్నాను, కొందరు నింపుతారని కూడా విన్నాను.

పుంగ్గోల్ నుంచి మంగళవారాల్లో నీళ్ళు తేవడం ఇప్పుడు లేదు.